అమ్మాయి ప్రతివారం నాన్న హెల్మెట్టే గీస్తోంది

ప్రశ్న: ఏడు నెలల క్రితం మావారు రోడ్డు ప్రమాదంలో పోయారు. మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఇంతవరకు ఏడవలేదు, నాన్న మాటే ఎత్తదు. కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే నాలుగు వారాలుగా బొమ్మలు వేయిస్తున్నారు. ప్రతిసారీ వాళ్ల నాన్న హెల్మెట్టే గీస్తోంది. చూడలేక అసలు హెల్మెట్‌ను అటక మీద పెట్టేశాను. బొమ్మలకు ఫీజు ఎందుకని మా అన్నయ్య అంటున్నారు. మాన్పించమంటారా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మాన్పించకండమ్మా. ఏడు నెలలుగా నోరు విప్పని పిల్ల నాలుగు వారాలుగా నాన్న గురించే చెబుతోంది, కాకపోతే పెన్సిలుతో.

ఇంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఒక్కోసారి జరిగినదంతా మనసులో వరుసగా ఉండదు. ఫోను మోగిన చప్పుడు, ఆసుపత్రి వాసన, ఏదో ఒక వస్తువు, ఇలా ముక్కలుగా ఉండిపోతుంది. ‘ఎలా ఉన్నావు’ అంటే ‘బాగానే ఉన్నాను’ అని ఊరుకోవడం మొండితనం కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం. బొమ్మ ఆ మొదలు చూపిస్తుంది. ఎదుటివారి కళ్లలోకి చూస్తూ చెప్పాల్సిన అవసరమూ ఉండదు, ఇద్దరి చూపూ కాగితం మీదే ఉంటుంది.

ఇది కొత్త వింత కాదు. క్షయతో శానిటోరియంలో చేరిన ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు అక్కడ తనకు ఊరటనిచ్చిన ఈ పనిని తోటి రోగులకూ అలవాటు చేశాడు. 1942లో దానికి ‘ఆర్ట్ థెరపీ’ అని పేరు పెట్టాడు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 39 మంది పెద్దలతో 45 నిమిషాల పాటు బొమ్మలు చేయిస్తే, దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వేయడం వచ్చా రాదా అన్నదానితో నిమిత్తం లేకుండా తగ్గింది.

అయినా మీ అన్నయ్య మాటను కొట్టిపారేయను. బొమ్మ ఒక్కటే సరిపోదు. ‘దీని మీద ఈ చుక్క ఏమిటి?’ అని కౌన్సెలర్ అడగాలి. ‘నేను అంటించిన స్టిక్కరు, నాన్న తిట్టారు’ అని పిల్ల అనాలి. అసలు పని అక్కడ మొదలవుతుంది. గీసిన తర్వాత అమ్మాయితో మాట్లాడుతున్నారా అని కౌన్సెలర్‌ను అడగండి. చదువు, శిక్షణ వివరాలూ అడగండి. అడగడం మీ హక్కు.

ఇంట్లో మాత్రం ఆ బొమ్మలకు అర్థాలు వెతకకండి. నల్లరంగు వాడిందని కంగారు పడకండి, బంధువులకు ఫోనులో పంపకండి, ‘మళ్లీ అదేనా’ అనకండి. నిద్ర, తిండి బాగా తగ్గినా, చనిపోవాలన్న మాట వచ్చినా ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీకు కూడా. భర్తను పోగొట్టుకున్న మీ గురించి ఉత్తరంలో ఒక్క మాటైనా రాసుకోలేదు.

ఇక అటక సంగతి. మీరు దాచిన వస్తువునే ఆమె గీస్తోంది. దాచినందుకే గీస్తోందని నేననను, అది ఆమే చెప్పాలి. కానీ ‘చూడలేక పైన పెట్టాను, నీకు కావాలా?’ అని మీరే అడగండి. వద్దంటే అక్కడే ఉండనివ్వండి. కావాలంటే దించండి. ఒక్కరే ఎక్కకండి, స్టూలు అమ్మాయిని పట్టుకోమనండి.