పదిమంది కోపిష్టి పిల్లలను ఒకచోట కూర్చోబెట్టవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బాబు పదో తరగతి. ఏడాదిగా చిన్న మాటకే కస్సుమంటున్నాడు. ఫోన్ ఇవ్వలేదని బీరువా అద్దం పగలగొట్టాడు, చెల్లెలిపై రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు, గత నెల బడిలో తోటి పిల్లాణ్ణి ముక్కు వెంట రక్తం కారేలా కొట్టాడు. స్కూల్ కౌన్సెలర్ గారు ఇలాంటి పిల్లలను పదిమందిని కలిపి, వారానికి మూడు రోజుల చొప్పున శిక్షణ ఇస్తామంటున్నారు. మావారు మాత్రం ‘ఉన్న కోపం చాలక ఇంకో తొమ్మిదిమంది రౌడీల మధ్య కూర్చోబెడతావా’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీవారి భయాన్ని కొట్టిపారేయలేమమ్మా. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు ఊరికే అనలేదు. దారి తప్పుతున్న పిల్లలను గుంపుగా చేర్చినప్పుడు కొన్నిచోట్ల మేలు కంటే కీడే జరిగిందని డిషన్, మెక్‌కార్డ్, పౌలిన్ అనే పరిశోధకులు 1999లోనే హెచ్చరించారు. ఒక కుర్రాడు ‘వాడి పళ్లు రాలగొట్టాను’ అంటాడు, మిగతావాళ్లు పకపకా నవ్వుతారు. ఆ నవ్వే వాడికి బహుమతి, మరుసటి వారం ఇంకొకడు అంతకు మించిన కథ తెస్తాడు.

అయినా నేను గుంపు శిక్షణ వైపే మొగ్గుతాను. కౌన్సెలర్ ఎదుట ఒంటరిగా కూర్చున్నప్పుడు ప్రతి కుర్రాడూ బుద్ధిమంతుడే. పదిమందిలో ఎవరో ఎగతాళి చేసినప్పుడే చెయ్యి లేస్తుంది కాబట్టి, ఆ చేతిని ఆపుకోవడం కూడా పదిమంది మధ్యనే నేర్చుకోవాలి. వారానికి మూడు రోజులన్న లెక్కను బట్టి చూస్తే, మీ కౌన్సెలర్ గారు అమెరికాలో గోల్డ్‌స్టీన్, గ్లిక్ 1987లో పుస్తకంగా తెచ్చిన పద్ధతిని అనుసరిస్తున్నట్టున్నారు. అది పది వారాల శిక్షణ. వారంలో ఒక గంట నలుగురితో మసలుకునే తీరుకు, ఒక గంట కోపాన్ని అదుపు చేసుకోవడానికి, మరో గంట తప్పొప్పుల చర్చకు కేటాయిస్తారు. కోపం గంటకు వచ్చే కుర్రాడు ఒక చీటీ నింపుకుని రావాలి: ఎక్కడ గొడవైంది, ఎవరేమన్నారు, తానేం చేశాడు, ఎంత కోపం వచ్చింది, తన నడత తనకే ఎలా అనిపించింది. ఆ గొడవనే అక్కడ నటించి చూపిస్తారు. దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం వంటి గుర్తులను ముందుగా పసిగట్టి, ఊపిరి నిదానంగా వదలడం, అంకెలు వెనక్కి లెక్కపెట్టడం సాధన చేయిస్తారు.

షికాగో బడుల్లో 2001లో మొదలైన ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమంలో ఒక ఆట ఉంది. ఇద్దరిద్దరుగా నిలబెట్టి ఒకరి చేతికి బంతి ఇస్తారు, ముప్ఫై సెకన్లలో దాన్ని రెండోవాడు తీసుకోవాలంటారు. దాదాపు అందరూ కలబడతారు, పిడికిలిని బలవంతంగా విప్పబోతారు. ఆట ఆగాక ‘బంతి ఇవ్వమని ఎవరైనా అడిగారా?’ అంటాడు నడిపే ఆయన. అడిగినా ఇవ్వడని ఒకడంటే, బంతి పట్టుకున్నవాడేమో ‘అడిగితే ఇచ్చేవాణ్ణే, ఉత్త బంతేగా’ అంటాడు. ఎదుటివాడి మనసును మనమే ఊహించుకుని కొట్టడానికి సిద్ధమవుతామని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. లాటరీ పద్ధతిలో పిల్లలను ఎంపిక చేసి పరిశీలిస్తే, ఈ కార్యక్రమం సాగిన కాలంలో హింసాత్మక నేరాల అరెస్టులు దాదాపు సగం తగ్గాయి.

అయితే ఫలితమంతా నడిపేవారి చేతిలో ఉంది. గోల్డ్‌స్టీన్ పద్ధతినే వాషింగ్టన్ రాష్ట్రంలో నేరాల్లో చిక్కుకున్న పిల్లలకు నేర్పారు. 2004లో వెలువడిన లెక్క ప్రకారం, సమర్థంగా నేర్పినచోట పద్దెనిమిది నెలల్లో తీవ్ర నేరాలు 24 శాతం తగ్గాయి, అరకొరగా నేర్పినచోట ఏమీ మారలేదు. కాబట్టి కౌన్సెలర్ గారిని మొహమాటం లేకుండా అడగండి: నడిపేవారు ఎక్కడ తర్ఫీదు పొందారు, పదిమంది పిల్లలకు పెద్దవాళ్లు ఇద్దరైనా ఉంటారా, ఒకడు తన కొట్లాట గురించి గొప్పలు చెబుతుంటే ఏం చేస్తారు? మూడో ప్రశ్నకు తడుముకుంటే పంపకండి. దిండును గుద్దించి కోపం ‘వెళ్లగక్కిస్తాం’ అన్నా పంపకండి. 154 అధ్యయనాలను కలిపి చూసిన 2024 నాటి సమీక్షలో వెళ్లగక్కడం వల్ల కోపం తగ్గదనీ, ఊపిరి నిదానంగా తీసి వదలడం వంటి, ఒంట్లోని ఉద్రేకాన్ని చల్లార్చే పనుల వల్లే తగ్గుతుందనీ తేలింది.

గుంపులో చేర్చే ముందు బాబును ఒక్కడినే మానసిక వైద్యులకు చూపించండి. నిద్రలేమి, దిగులు, మత్తు అలవాటు, బడిలో ఎవరో ఏడిపించడం వంటివన్నీ ఈ వయసులో కోపం రూపంలోనే బయటపడవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈలోగా పాపను అన్నతో ఒంటరిగా వదలకండి. ‘వాడు అన్న, సర్దుకో’ అని ఆమెకు చెప్పకండి.

కౌన్సెలర్ గారి దగ్గరకు మీవారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. రౌడీలన్న మాట మాత్రం బాబు చెవిన పడకుండా చూడండి. తనూ ఆ పదిమందిలో ఒకడేనని వాడికి తెలుసు.