లైబ్రరీ ఐదింటికే మూసేస్తే ప్రాజెక్టు ఎలా?

ప్రశ్న: మేడమ్, నేను ఎం.ఏ. తెలుగు రెండో ఏడాది. మా కాలేజీ లైబ్రరీ సాయంత్రం ఐదింటికే మూసేస్తారు, ఉన్న నాలుగు బల్లలూ పోటీ పరీక్షలవాళ్లవే. హాస్టల్లో ఒకటే గోల. ప్రాజెక్టు మొదలే కాలేదు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయను?
– ఒక విద్యార్థిని

జవాబు: బల్లల సంగతి తర్వాత చూద్దాం, ముందు లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి మన కాలేజీకి ఆన్‌లైన్లో జర్నళ్లు, పుస్తకాలు అందించే ఎన్‌-లిస్ట్ ఉందా అని అడుగు తల్లీ. ఉంటే నీ పేరు మీద లాగిన్ ఇస్తారు, దాంతో వేల జర్నళ్లు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు హాస్టల్ మంచం మీదే ఫోన్లో తెరుచుకుంటాయి. చాలామంది కోర్సు అయిపోయేదాకా ఆ లాగిన్ అడగనే అడగరు.

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం నడిపే ఆన్‌లైన్ పరిశోధన గ్రంథాల భాండాగారం శోధ్‌గంగకైతే ఆ లాగిన్ కూడా అక్కర్లేదు. తెలుగు పీహెచ్‌డీ గ్రంథాలు అధ్యాయాల వారీగా పీడీఎఫ్‌లు దొరుకుతాయి. నేనైతే ముందు చివర్లో ఉండే ఉపయుక్త గ్రంథసూచి తెరుస్తాను, ఎవరో ఏళ్ల తరబడి తిరిగి పోగేసిన జాబితా కదా అది. (కాపీ కొట్టమని కాదు సుమా!) దాన్ని పట్టుకుని అరల దగ్గరికి వెళ్లు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన చోట తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది, భాష, వ్యాకరణం మాత్రం ఎక్కడో దూరంగా 494.827లో.

ఇక చోటు. వేళలు పొడిగించమని పదిమంది సంతకాలతో ప్రిన్సిపాల్‌కి రాసివ్వండి, నోటిమాట గాలికి పోతుంది. ఈలోపు జిల్లా గ్రంథాలయం చూడు. తలుపులు తెరిచే వేళకే వెళ్తే ఫ్యాను కింద కుర్చీ దొరకొచ్చు.