వీసీ సారు దిగిపోయే రోజు: వర్సిటీ ఎంత ఎదిగిందో ఎలా లెక్కగట్టాలి?

ప్రశ్న: మా వర్సిటీ వీసీ (వైస్ చాన్స్‌లర్) గారి పదవీకాలం ముగుస్తోంది. వీడ్కోలు సభలో మూడేళ్ల ప్రగతి గురించి ఆయన మాట్లాడతారు. పూర్వ విద్యార్థుల తరఫున నేనూ రెండు మాటలు చెప్పాలి. ఏం చూసి మాట్లాడాలి?
– పూర్వ విద్యార్థి, దేవరకొండ

జవాబు: ముందు అధ్యాపకుల లెక్క అడగండి. శాఖలవారీగా మంజూరైన పోస్టులెన్ని, రెగ్యులర్‌గా నిండినవెన్ని అన్నది ఆయన వచ్చిన ఏడాదికి, వెళ్తున్న ఏడాదికి పక్కపక్కన పెట్టి చూడండి. కాంట్రాక్టు, పార్ట్‌టైం వాళ్లనూ కలిపేసి 'మొత్తం బోధనా సిబ్బంది' అని ఒకే అంకె ఇస్తే విడదీసి ఇమ్మనండి. వాళ్ల పాఠం తక్కువదని కాదు, చాలా శాఖలు వాళ్ల భుజాల మీదే నడుస్తాయి. చిక్కంతా పరిశోధన దగ్గర వస్తుంది.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం గైడ్‌గా ఉండాలంటే రెగ్యులర్ అధ్యాపకులై ఉండాలి. ఒకే సమయంలో ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6, అసిస్టెంట్ 4 మందికి మించి గైడ్ చేయకూడదు. ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్లు, నలుగురు అసిస్టెంట్లు అర్హతలతో ఉన్న శాఖలో 36 మంది స్కాలర్లకు, అంటే పీహెచ్‌డీ విద్యార్థులకు, చోటుంటుంది. రిటైరైన వాళ్ల స్థానాలు నిండక చివరికి ఒక్క అసోసియేటే మిగిలారనుకోండి, ఆ చోటు 6కు పడిపోతుంది. బిల్డింగు, ల్యాబు అలాగే ఉన్నా పిల్లల్ని తీసుకునే వీలుండదు. ఇంకోటి, రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అందుకే రిటైర్మెంటు తేదీలు కూడా చూడండి, రాబోయే వీసీకి ఎదురయ్యే లోటు అక్కడే కనబడుతుంది.

ఆ తర్వాత సీట్లు. సీపీగెట్ (పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) చివరి విడత సీట్ల కేటాయింపు అయ్యాక ఎంతమంది చేరారు, రెండో ఏడాది చివరి సెమిస్టర్ పరీక్ష ఎంతమంది రాశారు అన్న రెండు అంకెలూ కావాలి. 60 సీట్లలో 41 మంది చేరి 33 మంది పరీక్ష రాశారనుకుందాం. ఆ ఎనిమిది మంది ఎందుకు మానేశారో శాఖలో అడగాలి. బీఈడీ సీటో, ఉద్యోగమో వచ్చి వెళ్లినవాళ్లు కొందరుంటారు. హాస్టల్ దొరక్క మానేసినవాళ్లు ఉంటే అది వర్సిటీ పట్టించుకోవాల్సిన విషయం. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు ఊళ్ల నుంచి రోజూ పాలమూరు వర్సిటీ ఉన్న మహబూబ్‌నగర్ వచ్చిపోవడం ఆడపిల్లకు ఎంత కష్టమో ఆ బస్సులెక్కినవాళ్లకు తెలుసు. హాస్టల్‌లో ఎన్ని మంచాలు పెరిగాయన్న లెక్క ఏ సెమినార్ హాలు కన్నా పెద్దదని మా అభిప్రాయం.

ప్రశ్న: అమెరికాలో యూనివర్సిటీ ప్రెసిడెంట్లు ఏళ్ల తరబడి ఉంటారు. మన దగ్గర వీసీకి మూడేళ్లే. ఈ కొద్దికాలంలో ఎదుగుదల చూపించడం సాధ్యమా?
– డిగ్రీ కాలేజీ లెక్చరర్, వనపర్తి

జవాబు: అక్కడ హార్వర్డ్‌లో చార్ల్స్ ఎలియట్ 1869 నుంచి 1909 దాకా, అంటే 40 ఏళ్లు ప్రెసిడెంట్‌గా ఉన్నారు. అంతకాలం ఉంటే తాను నాటిన చెట్టు కాయలు తానే చూడొచ్చు. మన నల్గొండ ఎంజీయూ (మహాత్మాగాంధీ వర్సిటీ) 2007లో, మహబూబ్‌నగర్ పీయూ (పాలమూరు వర్సిటీ) 2008లో పుట్టాయి. ఇక్కడ కొత్త కోర్సు పెట్టాలంటే సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ నుంచి పాలకమండలి దాకా ఫైలు నడవాలి, సీట్లు ప్రవేశాల నోటిఫికేషన్‌లోకి ఎక్కాలి. దానికే ఒక విద్యా సంవత్సరం పట్టొచ్చు. పీజీ రెండేళ్లు, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు. కాబట్టి రెండో ఏట మొదలైన కోర్సు తొలి బ్యాచ్ బయటికొచ్చే వేళకు ఆ వీసీ కుర్చీలో ఉండకపోవచ్చు. 'ఇన్ని కోర్సులు తెచ్చాం' అన్నప్పుడు వాటిలో ఎన్నింటికి రెగ్యులర్ పోస్టు మంజూరైందో అడగండి. పోస్టు లేని కోర్సు ఫీజుల మీద, గంటల లెక్క జీతాల మీద బతకాలి. చేరేవాళ్లు తగ్గిన ఏడాది మూతపడుతుంది.

ప్రశ్న: కొత్త భవనాలు కడితే న్యాక్ (వర్సిటీలు, కాలేజీల నాణ్యత తేల్చే జాతీయ సంస్థ) ఇచ్చే గ్రేడు పెరుగుతుందా?
– పీజీ విద్యార్థిని, సూర్యాపేట

జవాబు: కొద్దిగానే. న్యాక్ గ్రేడ్లు ఇస్తూ వచ్చిన పద్ధతిలో యూనివర్సిటీలకు మొత్తం 1000 మార్కులు. పరిశోధనకు 250, బోధన–మూల్యాంకనానికి 200, పాఠ్యప్రణాళికకు 150, మిగతా నాలుగు అంశాలకు తలా 100. భవనాలు, ల్యాబులు, లైబ్రరీ, కంప్యూటర్లు అన్నీ కలిసి ఆ నాలుగింటిలో ఒక్కదాని 100లోకే వస్తాయి. పైగా చూసేది గత ఐదేళ్ల సమాచారం. అంటే గ్రేడులో ముందున్న వీసీ హయాం పని కూడా ఉంటుంది. వెళ్లేవారు వీడ్కోలు సభలో ఆ మాట చెబితే బాగుంటుంది.

భవనం కట్టారన్నప్పుడు కూడా లోపలికెళ్లి చూడాలి. కెమిస్ట్రీ ల్యాబునే తీసుకోండి. ఫ్యూమ్ హుడ్ (ఘాటు పొగల్ని బయటికి లాగేసే పెట్టె) అద్దం తలుపుతో తళతళలాడుతుంటుంది. దాని గొట్టం గోడ దాటి పైకప్పు మీదికి వెళ్లిందా, చివర ఫ్యాన్ తిరుగుతోందా? హుడ్ కొనుగోలు ఒక బిల్లులో, గొట్టం పని సివిల్ కాంట్రాక్టులో ఉంటే రెండూ కలవక మధ్యలో ఆగిపోతుంటాయి. అప్పుడు యాసిడ్ పొగ గదిలోనే తిరుగుతుంది, పిల్లలు కిటికీలు తెరుచుకుని ప్రయోగం చేస్తారు. హుడ్ ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుంటే అది లోపలి వైపు లాగాలి. లాగకపోతే ఆ ల్యాబు ఇంకా పూర్తి కానట్టే.

ప్రశ్న: వీసీ మారేటప్పుడు బాధ్యతలు అప్పగించే చార్జి కాగితాల్లో ఏమేం ఉండాలి?
– కార్యాలయ ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: కేంద్ర, రాష్ట్ర నిధుల్లో ఏ పనికి యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) ఇంకా పంపలేదో మొదట రాయండి. పాత విడత యూసీ పోకపోతే తర్వాతి విడత రాదు, సగం గోడలతో పని ఆగుతుంది. రాష్ట్ర వర్సిటీలకు నిధులిచ్చే రూసా (2023 నుంచి పీఎం–ఉష) వంటి పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా కాబట్టి ఏ వాటా ఎంత వచ్చిందో విడివిడిగా చూపండి. తర్వాత కోర్టు కేసులు, వాటి వాయిదా తేదీలు. తాత్కాలిక సిబ్బంది ఆర్డర్లు ఏ తేదీతో ముగుస్తాయో తప్పక రాయాలి, లేకపోతే జీతం బిల్లు ఆగేది వాళ్లకే. హాస్టల్ మెస్ బకాయిలు, కాంట్రాక్టర్ల డిపాజిట్లు, శంకుస్థాపన అయి టెండరు పిలవని పనులు కూడా ఉండాలి.

కొత్త వీసీ వెంటనే రాకపోవచ్చు. 2024 మేలో రాష్ట్రంలో వీసీల పదవీకాలం ముగిశాక అక్టోబరులో కొత్తవారు వచ్చేదాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జిలుగా ఉన్నారు. వేరే శాఖల పనితో పాటు ఇదీ చూసుకునే అధికారికి మీ ఫైలు చరిత్ర తెలియదు. అందుకే ప్రతి పెండింగు పనికి ఫైలు నంబరు, ఇప్పుడది ఏ సెక్షన్లో ఉంది, చేయాల్సిన తర్వాతి పని, గడువు తేదీ నాలుగు గళ్లలో రాసి, పాత వీసీ సంతకం చార్జి ఇచ్చే రోజుకు వారం ముందే తీసుకోండి. చివరి రోజు సన్మానాలు, దండల మధ్య సంతకం పెట్టిస్తే చదివి దిద్దే తీరిక ఆయనకు ఉండదు.