పెద్ద హైస్కూల్‌ను చిన్న అకాడమీలుగా విడగొడితే పిల్లలకు మేలేనా?

మీరు అడిగింది: అమెరికాలో మీ అబ్బాయి తొమ్మిదో తరగతిలో చేరబోయే రెండు వేల మంది పిల్లల హైస్కూల్‌ను నాలుగు అకాడమీలుగా, అంటే స్కూల్ లోపలే నాలుగు చిన్న స్కూళ్లుగా విడగొడుతున్నారు, సంతోషించాలా, భయపడాలా అని. అలా విడగొట్టిన ఒక హైస్కూల్లో నేను లెక్కలు చెప్పానండీ. విడగొట్టడం మంచిదే. కానీ అసలు మార్పు టైమ్‌టేబుల్లో రావాలి. అది మారకపోతే గోడల రంగులు, టీషర్టులు తప్ప ఇంకేమీ మారదు.

పెద్ద స్కూల్లో ఒక టీచర్ రోజుకు ఐదు సెక్షన్లు, అంటే 150 మంది దాకా పిల్లల్ని చూస్తారు. వాళ్లకే ఇంగ్లీష్ చెప్పే టీచర్ ఏ ఫ్లోర్‌లో ఉంటారో కూడా తెలియదు. మా దగ్గర విడగొట్టాక లెక్కలు, ఇంగ్లీష్, సైన్స్, చరిత్ర చెప్పే నలుగురికీ ఒకే పిల్లల్ని ఇచ్చారు. గదులు పక్కపక్కనే. అన్నిటికంటే ముఖ్యం, నలుగురికీ ఒకే సమయంలో ఖాళీ పీరియడ్. ఆ పీరియడ్‌లో పిల్లల గురించి మాట్లాడుకునేవాళ్లం.

నా క్లాసులో నోరు విప్పని అమ్మాయి ఒకరు ఉండేది. సోమవారం హోంవర్క్ తెచ్చేదే కాదు. బద్ధకమని ఎవరైనా అనుకుంటారు. మీటింగ్‌లో ఆ పేరెత్తగానే సైన్స్ టీచర్, "మొదటి పీరియడ్ నాదే, సోమవారం ఎప్పుడూ లేటే" అంది. ఇంగ్లీష్ టీచర్ ఆ అమ్మాయి రాసిన వ్యాసం తీసింది. తల్లిదండ్రులు విడిపోయారు, శనాదివారాలు ఊరి అవతల తండ్రి దగ్గర, సోమవారం పొద్దున్నే అక్కడి నుంచే స్కూలుకి. పుస్తకాలు సగం ఇక్కడ, సగం అక్కడ. తండ్రి ఇంట్లో ఉంచుకోవడానికి ఇంకో సెట్ పుస్తకాలు ఇప్పించాం, సోమవారం ఇవ్వాల్సినవి మంగళవారానికి జరిపాం. అంతే, పాస్ మార్కులు వచ్చాయి. మేం నలుగురం ఒకచోట కూర్చోకపోతే ఎవరికి తెలిసినది వాళ్ల దగ్గరే ఉండిపోయేది.

ఇది నా అనుభవం మాత్రమే కాదు. న్యూయార్క్‌లో 2002 నుంచి, సరిగా నడవని పెద్ద హైస్కూళ్లను మూసేస్తూ వందకు పైగా చిన్న స్కూళ్లు తెరిచారు. సీట్ల కోసం లాటరీ పద్ధతి ఉండడంతో, సీటు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ ఎమ్‌డీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ పోల్చి చూసింది. చిన్న స్కూళ్ల పిల్లల్లో నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తిచేసినవాళ్లు సుమారు 9 శాతం పాయింట్లు ఎక్కువ. చాలావరకు పేద కుటుంబాల పిల్లలే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మరోవైపు డెన్వర్‌లో మాన్యువల్ హైస్కూల్‌ను 2001లో ఒకే బిల్డింగ్‌లో మూడు స్కూళ్లుగా చేశారు. పిల్లలు తగ్గిపోతూ వచ్చి 2006లో మూసేయాల్సి వచ్చింది. చిన్న స్కూళ్లకు భారీగా డబ్బిచ్చిన గేట్స్ ఫౌండేషన్ తరఫున బిల్ గేట్స్ కూడా, వాటిలో చాలా చోట్ల చదువు పెద్దగా మెరుగుపడలేదని 2009లో రాశారు. న్యూయార్క్‌లో చాలావరకు కొత్తగా, సొంత ప్రిన్సిపాల్‌తో మొదలయ్యాయి. పాత స్కూల్‌నే ముక్కలు చేయడం దానికంటే చాలా కష్టమని నా అభిప్రాయం.

నాకు నిజంగా భయం ఉన్నది ఇంకొక చోట. అకాడమీలకు ఇంజినీరింగ్, హెల్త్, ఆర్ట్స్ అని పేర్లు పెట్టి పిల్లలనే ఎంచుకోమంటే, లెక్కల్లో ముందున్నవాళ్లంతా ఒకదాంట్లో చేరిపోతారు. మిగిలినవాళ్ల అకాడమీ "వీక్ పిల్లలది" అయిపోతుంది. పద్నాలుగేళ్ల పిల్లాడికి ఆ ముద్ర మంచిది కాదు, పై అకాడమీలో ఉన్నవాడికి కూడా. మన తెలుగు తల్లిదండ్రులం అందరం ఇంజినీరింగ్ దాని మీదే టిక్ పెడతాం కాబట్టి ఇది మనకే గట్టిగా చెప్పుకోవాలి.

అడ్మిషన్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు కౌన్సెలర్‌ను సూటిగా అడగండి. ఒకే టీచర్ల బృందానికి ఒకే పిల్లలు ఉంటారా? వాళ్లకు కామన్ ప్లానింగ్ పీరియడ్ ఉందా, వారానికి ఎన్నిసార్లు? ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సులు, బ్యాండ్ లాంటివి వేరే అకాడమీలో ఉంటే మా వాడు వెళ్లొచ్చా? ఏడాది తర్వాత మారాలనుకుంటే మారనిస్తారా? "ఇంకా ఆలోచిస్తున్నాం" అని జవాబిస్తే, వచ్చే ఏడాది మాస్టర్ షెడ్యూల్, అంటే స్కూల్ మొత్తం టైమ్‌టేబుల్, ఎప్పుడు ఖరారవుతుందో తెలుసుకుని అప్పుడు మళ్లీ వెళ్లండి.