సొంత ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ చేసుకుంటే కేసు అవుతుందా?

మీరు అడిగింది ఇది: నాలుగేళ్ల కిందట కొన్న ఫోన్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది, ఫోన్ మాత్రం శుభ్రంగా ఉంది. దాని బదులు లీనేజ్‌ఓఎస్ (ఆండ్రాయిడ్ మీద తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకోవాలంటే బూట్‌లోడర్ తాళం తియ్యాలి. ఫోన్ ఆన్ కాగానే ముందు నడిచి, ఏ సాఫ్ట్‌వేర్‌ని రానివ్వాలో తేల్చే ప్రోగ్రాం అది. తీద్దామంటే జగదాంబ దగ్గర రిపేరు షాపాయన "బూట్‌లోడర్ ముట్టుకుంటే కేసైపోద్ది సార్" అని భయపెట్టాడు. డబ్బు పోసి కొన్న ఫోన్ మీద ఆ మాత్రం హక్కు లేదా అని మీ బాధ.

నేనూ వైజాగే. చుట్టాల ఇళ్లలో మూలపడ్డ ఫోన్లన్నీ చివరికి నా టేబుల్ మీదకే చేరతాయి, కాబట్టి చేసి చూసిన సంగతులే చెబుతాను.

ముందు కేసు మాట తేల్చేద్దాం. సొంత ఫోన్ బూట్‌లోడర్ తెరుచుకోవడం మన దగ్గర నేరం కాదు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ డిజిటల్ తాళాలు తియ్యడం గురించి మాట్లాడుతుంది గానీ, శిక్ష మాత్రం కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో తీసినవాళ్లకే. కంపెనీ ఇచ్చిన దారిలో తెరిచి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసుకునే మీకు అది తగలదు. షాపాయన దీన్ని ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబరు) మార్చడంతో కలిపేసి ఉంటాడు. అది మాత్రం నిజంగా ప్రమాదమే. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో దానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. బూట్‌లోడర్ తెరిచినంత మాత్రాన ఐఎంఈఐ మారదు. అమెరికాలో అయితే ఫోన్ జైల్‌బ్రేక్ చేసుకోవడానికి, అంటే కంపెనీ పెట్టిన తాళాలు తీసుకోవడానికి, 2010లో విడిగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది, దాన్ని మూడేళ్లకోసారి మళ్లీ పొడిగించుకుంటూ రావాలి. ఆ లెక్కన మనమే నయం.

చట్టం అడ్డు రాదు సరే, కంపెనీ రావచ్చు. పిక్సెల్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్‌లో 'ఓఈఎం అన్‌లాకింగ్' ఆన్ చేసి, కంప్యూటర్ నుంచి ఫాస్ట్‌బూట్ అనే టూల్‌తో ఒక్క కమాండ్ ఇస్తే సరిపోతుంది. షావోమీ ఫోన్లలో అకౌంట్ జత చేశాక మోడల్‌ని బట్టి కొన్ని రోజుల నుంచి 168 గంటల దాకా, అంటే వారం దాకా, ఆగమంటుంది. వాళ్ల కొత్త సాఫ్ట్‌వేర్ హైపర్‌ఓఎస్ వచ్చాక ముందుగా వాళ్ల కమ్యూనిటీ యాప్‌లో అనుమతి కూడా తీసుకోవాలి. హువావే 2018లోనే అన్‌లాక్ కోడ్లు ఇవ్వడం మానేసింది. తెరిచే వీలున్న శామ్‌సంగ్ ఫోన్లలో తెరిచి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే నాక్స్ అనే భద్రతా ఫ్యూజ్ ఒకటి శాశ్వతంగా పోతుంది, మళ్లీ లాక్ వేసినా సెక్యూర్ ఫోల్డర్ (ఫైళ్లు దాచుకునే తాళం ఫోల్డర్) తిరిగి రాదు. కాబట్టి మీ మోడల్‌కి అసలు దారుందా లేదా అన్నది మొదటి ప్రశ్న. లేకపోతే, "వెయిటింగ్ లేకుండా చేసిస్తాం" అనే షాపులకి మాత్రం ఫోన్ ఇవ్వకండి. ఏ ఫైలు ఎక్కిస్తారో వాళ్లకే తెలియాలి.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. మా బావగారు తన ఫోన్‌కి పట్టుబట్టి నాతో చేయించుకున్నారు. అన్‌లాక్ అయింది, లీనేజ్ ఎక్కింది, ఆన్ చేసిన ప్రతిసారీ "ఈ ఫోన్ సాఫ్ట్‌వేర్‌ని నమ్మలేం" అన్న అర్థంలో ఒక హెచ్చరిక స్క్రీన్ కొన్ని సెకన్లు నిలబడి పోతుంది, అంతే. పాత ఫోన్ పరుగులు పెట్టింది. మర్నాడు ఎంవీపీ రైతుబజార్లో వంకాయలు తూయించి, డబ్బు కట్టడానికి బ్యాంకు యాప్ తెరిస్తే "మీ పరికరం సురక్షితం కాదు" అని చెప్పి దానంతటదే మూసుకుపోయింది. అక్కడి నుంచే నాకు ఫోను: "ఏం బావా, కూరగాయలకి కూడా చిల్లర పట్టుకు తిరగమంటావా?"

జరిగేదేమిటంటే, ఆ యాప్, ఫోన్ నమ్మదగ్గదో కాదో చెప్పే గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ సేవని అడుగుతుంది. బూట్‌లోడర్ తెరిచి ఉందన్న సంగతి ఫోన్ చిప్‌లో దాచిన కీ సంతకంతో సహా చెప్పేస్తుంది. దాన్ని బుకాయించే చిన్న ప్రోగ్రాంలు (మాడ్యూల్స్) వస్తుంటాయి, నాలుగు రోజులు పనిచేసి ఆగిపోతుంటాయి. ఆ ఎలకా పిల్లీ ఆటలో మీ జీతం పడే ఖాతాని పెట్టకండి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే: ఏళ్లుగా సెక్యూరిటీ ప్యాచ్ లేని పాత ఫోన్ లాక్ వేసి ఉందన్న ఒక్క కారణంతో మామూలు పరీక్ష పాసైపోతుంది, ఈ నెల ప్యాచ్ ఉన్న లీనేజ్ ఫోన్ ఫెయిలవుతుంది. లాక్ వల్ల లాభం లేదని కాదు. ఫోన్ దొంగ చేతిలో పడితే వాడు వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించకుండా అది ఆపుతుంది. కానీ అప్‌డేట్లు ఆపేసిన రోజునే తాళంచెవి కొన్నవాడి చేతికి ఇవ్వాలని కంపెనీల మీద నిబంధన ఉండాలని నేనంటాను. మన దగ్గర ఆ దిశగా పెద్ద ఆశ కూడా లేదు. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేస్తూ, ముందే ఎక్కించిన గూగుల్ యాప్‌లను వాడుకరి తీసేసుకునే వీలివ్వాలంది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానా ఉంచి ఆ ఆదేశాన్ని కొట్టేసింది.

బావగారి ఫోన్‌కి చివరికి కంపెనీ సాఫ్ట్‌వేరే మళ్లీ ఎక్కించి, లాక్ వేసి ఇచ్చేశాను. నా పాతది మాత్రం లీనేజ్ మీదే ఉంది. కారులో మ్యాప్స్, ఇంట్లో పాటలు, హాట్‌స్పాట్, అన్నీ దాంట్లోనే. ఓటీటీలో వీడియో నాణ్యత తగ్గింది, వీడియో కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే రక్షణ, పై స్థాయి ఎల్1 నుంచి కింది స్థాయి ఎల్3కి పడిపోవడం వల్ల. నాకది పట్టదు.

అందుకని మీకు నా సలహా: యూపీఐకి వేరే ఫోన్ ఉంటే ధైర్యంగా చేసెయ్యండి. ఉన్నది ఒక్కటే అయితే వద్దు. యూపీఐ రిజిస్ట్రేషన్ ఆ సిమ్ నుంచి వెళ్లే ఎస్ఎంఎస్ మీద నడుస్తుంది కాబట్టి బ్యాంకుకి ఇచ్చిన సిమ్, బూట్‌లోడర్ తెరవని ఫోన్‌లోనే ఉండాలి. ఫోన్ ఈఎంఐలో ఉండి, అప్పిచ్చినవాళ్ల లాక్ యాప్ అందులో ఉంటే, కంతులు తీరేదాకా చెయ్యి పెట్టకండి.

అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ అందరూ గుర్తుపెట్టుకుంటారు, ఓటీపీ కోడ్లిచ్చే ఆథెంటికేటర్ యాప్‌ని మర్చిపోతారు. ఇంకోటి, మనూళ్లో ముఖ్యం: బీచ్ పక్కన ఉండేవాళ్ల ఫోన్లకి ఉప్పుగాలికి ఛార్జింగ్ పోర్టు పిన్నుల మీద పచ్చగా తుప్పు కడుతుంది. ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ డేటా మధ్యలో తెగుతుంది. ఫ్లాష్ చేస్తుండగా, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుండగా, తెగితే ఫోన్ లేవకపోవచ్చు. ముందు పోర్టు శుభ్రం చేయించి, ఒక పెద్ద సినిమా ఫైలు కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి కాపీ చేసి చూడండి. కేబుల్ కదిపినా ఆగకుండా ఎక్కిందంటే ఫర్వాలేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద కాకుండా ల్యాప్‌టాప్ మీద చెయ్యండి.

లీనేజ్ ఎక్కించాక లాక్ మళ్లీ వెయ్యకండి. పిక్సెల్ లాంటి వాటిలో సొంత కీతో లాక్ వేసుకునే సదుపాయం ఉంది, గ్రాఫీన్‌ఓఎస్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ అలాగే నడుస్తుంది. మిగతా చాలా ఫోన్లు అలా లాక్ వేస్తే ఇక బూట్ కావు.

మీ మోడల్ పూర్తి పేరు, డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ బూడిద రంగులో ఉందా, నొక్కితే కదులుతోందా అన్నది కింద రాయండి. లీనేజ్ జాబితాలో మీ ఫోన్ ఉందో లేదో చూసి చెబుతాను.