శనివారం ఫార్మాట్ కొట్టించే ముందు

తిరుపతి

అల్లుడూ,

కొత్త కంప్యూటర్ వచ్చి వారమే అయిందనీ, అప్పుడే నెమ్మదిగా నడుస్తోందని దాని ముందు కూర్చున్నంతసేపూ నువ్వు తిట్లే తిడుతున్నావనీ మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. శనివారం అన్నీ చెరిపేసి ఫార్మాట్ కొట్టిస్తావంట. వద్దు, ముందు ఇది చదువు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ అని ఉన్నచోట చూడు. నువ్వేమీ తెరవకపోయినా 100 శాతం దగ్గర ఆడుతుంటే, ఆ మాట మీద నొక్కు. డిస్క్‌ని ఎక్కువ తినే ప్రోగ్రాం పైకొస్తుంది.

అది విండోస్ అప్‌డేట్ అయితే దాని జోలికి పోవద్దు. మెషీన్ తయారై నీ చేతికొచ్చేలోపు పేరుకున్నవన్నీ ఇప్పుడు దిగుతుంటాయి. స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చి, రాత్రంతా ఆన్‌లో వదిలేయ్. మీ వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో నీకే తెలుసు, యూపీఎస్ లేకుంటే ఆ టైం చూసుకో. మధ్యలో స్విచ్ కట్టేస్తేనే అసలు గొడవ.

ఊరికే వేసిచ్చిన ట్రయల్ యాంటీవైరస్ అయితే తీసెయ్. విండోస్‌లో డిఫెండర్ అనే సొంత యాంటీవైరస్ ముందే ఉంది, ఇది పోగానే అదే పని అందుకుంటుంది. ఇంటికి అది చాలని నా లెక్క. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్, పేరు పక్కన మూడు చుక్కలు. తీశాక రీస్టార్ట్ చేసి ఒక పూట వాడి చూడు. ఆ తర్వాతే ఇంకోటి ముట్టుకో.

ఎందుకంటే, గాంధీ రోడ్డులో నా డీటీపీ షాపు నడిచేటప్పుడు, మాఘమాసం గిరాకీలో మెషీన్ నత్తలా ఉందని, స్పీడు పెంచుతామనే సాఫ్ట్‌వేర్లు మూడు ఒకే సాయంత్రం ఎక్కించాను. ప్రింటర్ మూగబోయింది. మూడింట్లో ఏది చేసిందో ఎట్లా తెలుస్తుంది? కోపంలో ఫార్మాట్ కొట్టాను. పదకొండు శుభలేఖల మేటర్ పోయింది. ప్రూఫు చూడ్డానికి వచ్చిన పెళ్లికూతురి తండ్రి కండువాతో మొహం తుడుచుకుంటూ బెంచీ మీదే కూర్చున్నాడు, నేను తెల్లవార్లూ మళ్లీ టైపు కొట్టాను. మరుసటి రోజే ఒక నోటుబుక్ కొన్నాను. తేదీ, ఏం మార్చాను, ఏమైంది. అంతే రాసేది.

ఇంకోటి. కొత్త మెషీన్లు చాలావాటిలో డిస్క్‌కి తాళం వేసి ఉంటుంది. దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ సాధారణంగా నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఎవరి చేతికైనా మెషీన్ ఇచ్చేముందు అది కాగితం మీద రాసుకో. తెర మీద ‘వైరస్ ఉంది, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు.

శుక్రవారం రాత్రి డిస్క్ ఎంత చూపిస్తోందో ఫోన్ చేసి చెప్పు. అప్పటికీ 100 దగ్గరే ఉంటే పొద్దున్నే బస్సెక్కి నేనే చిత్తూరు వస్తా. నోటుబుక్ తెస్తాలే.

మీ మామ