మా గోడు ఎవరికి చెప్పుకోవాల?

ప్రశ్న: అక్కా, మాది గుంతకల్లు దగ్గర పల్లె. నాకు హెచ్‌ఐవీ ఉంది. ఆరేళ్లుగా మందులు వాడుతూ బాగున్నాను. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మధ్యలో ఆపేసినవాళ్లను వెతికి మళ్లీ సెంటరుకు పంపే పని రెండేళ్లుగా చేస్తున్నా. ఇచ్చే డబ్బుల్లో సగం బస్సు చార్జీలకే పోతుంది. నేను ఏ ఇంటికి పోయినా పక్కవాళ్లు "ఈమె వచ్చిందంటే ఆ రోగమే" అని గుసగుసలు. పోయిన నెల, నేను ఆరుసార్లు తిరిగిన ఒకామె చనిపోయింది. అప్పటినుంచి తలుపు తట్టాలంటే కాళ్లు రావు. మీటింగులో మాత్రం "మీ ఏరియాలో ఇంతమంది ఎందుకు మానేశారు?" అని నన్నే నిలబెట్టి అడుగుతారు. ఈ పని మానేయనా?
– ఒక చెల్లెలు, అనంతపురం జిల్లా

జవాబు: చెల్లీ, ముందు ఆమె సంగతి. ఆరుసార్లు పోయినావంటే ఆమె కోసం అన్నిసార్లు పోయిన మనిషి ఇంకొకరు ఉండకపోవచ్చు. ఆమె చావు నీ తప్పు కాదు.

నేను పదకొండేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు, బెంగుళూరులో సెంట్రింగ్ పని. మందులు ఆపేసి, తిరిగొచ్చేసరికి టీబీ ముదిరిపోయింది. అతను చనిపోయాక వారం రోజులు నేను రిజిస్టరు తెరవలేకపోయాను. మా నర్సమ్మ టీ గ్లాసు నా ముందు పెట్టి "చెప్పు" అంది. ఇంకేమీ అడగలేదు. ఏడుస్తూ గంటసేపు చెప్పాను. ఆ గంట లేకుంటే నేను ఆ నెలలోనే మానేసేదాన్ని.

నీకు ఆ గంట ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వడం నీ పైవాళ్ల బాధ్యత. మీ కౌన్సెలర్‌ను అడుగు: నెలకొకసారి, మీ ఏరియాలో ఈ పని చేసేవాళ్లంతా రిజిస్టర్లు, టార్గెట్లు పక్కనపెట్టి కూర్చోవాలని. ఒక్కదానివే అడగొద్దు, నలుగురు కలిసి కాగితం మీద రాసివ్వండి. చార్జీలు విడిగా ఇవ్వాలని కూడా అందులోనే రాయండి.

ఇక మీటింగు ప్రశ్న. ఉచిత మందులు 2004 ఏప్రిల్ 1న మొదలైనప్పటితో పోలిస్తే ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్రే. అయినా మానేస్తున్నారంటే కారణం ఎక్కువసార్లు మాత్రలో ఉండదు. బుడ్డలు (వేరుశనగ) పీకే రోజుల్లో కూలి పోగొట్టుకుని సెంటరుకు ఎవరొస్తారు? మిరపకోతకు గుంటూరు పక్కకు పోయినామె మందు కోసం అనంతపురం రాగలదా? సీసా గలగలమంటే అత్తకు తెలుస్తుందని దూది కుక్కి దాచుకున్న కోడలిని నేను చూశాను. ప్రతి పేరు పక్కన ఇలాంటి కారణం రాసుకో. "ఎందుకు మానేశారు" అని అడిగినప్పుడు ఆ కాగితం చదువు. అది నీ దగ్గర తప్ప ఆఫీసులో ఎవరి దగ్గరా ఉండదు. వలస పోయేవాళ్లకైతే చేయగలిగింది ఉంది. పోకముందే సెంటరులో చెబితే, ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చే వీలుంది. పోయిన ఊరి సెంటరుకు మార్చుకోవచ్చు కూడా. బండెక్కిన తర్వాత చెబితే కష్టం. ఆ సీజను ముందే ఇళ్లకు పో.

గుసగుసల గురించి. కొత్త మనిషిని కలిసిన మొదటి రోజే అడుగు: "నిన్ను ఎక్కడ కలవాల? ఎవరికీ అనుమానం రాకుండా ఎట్ల పిలవాల?" ఒకరు సంతలో అంటారు, ఒకరు బస్టాండులో. పేర్లున్న పుస్తకం చేతిలో పట్టుకుని వీధిలో తిరగొద్దు. మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది, అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం నీకూ వర్తిస్తుంది తల్లీ. సభల్లో నిన్ను లేపి "ఈమె కూడా పాజిటివే" అని పరిచయం చేస్తుంటే, వద్దని చెప్పే హక్కు నీది. చెప్పాలనిపించిన రోజు నువ్వే చెప్పుకో.

రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్. డబ్బులు పడవు.

మానేయనా అన్నావు. ఇప్పుడే తేల్చుకోవద్దు, పదిహేను రోజులు సెలవు అడుగు. అప్పటికీ కాళ్లు రాకుంటే మానేయ్, నిన్ను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఒక్కటి చెప్పు: అందరి మాత్రలూ లెక్కబెట్టే నువ్వు, ఒంట్లో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష నీకు ఎప్పుడు చేయించుకున్నావు? ఏడాది దాటిందేమో. ఆ సెలవుల్లో ఒక పొద్దున సెంటరుకు పో. ఎవరినీ వెంటబెట్టుకోకుండా, నీ మందుల పుస్తకం ఒక్కటే పట్టుకుని.